ప్రసూతి సెలవు అయిపోతోంది, ఇంటి నుంచే పని కావాలి: ఆఫీసులో ఎలా అడగాలి

మెటర్నిటీ లీవులో ఉన్న అమ్మాయిలు ఫోన్ చేసి నన్ను ముందుగా అడిగేది ఇదే: "అక్కా, వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వాలని చట్టంలోనే ఉందట కదా?"

ఉంది, కానీ చాలామంది అనుకుంటున్నట్టు కాదు. 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని 2017లో సవరించారు. అప్పుడే సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అదే సవరణలో ఇంటి నుంచి పని గురించి ఒక మాట చేర్చారు. ఆమె చేసే పని ఇంటి నుంచి చేయగలిగినదైతే, సెలవు వాడుకున్నాక, ఇద్దరూ ఒప్పుకున్న కాలానికి, ఇద్దరూ ఒప్పుకున్న షరతులతో యజమాని అనుమతించవచ్చు అని దాని సారాంశం. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇదే ఉంది. "అనుమతించవచ్చు" అన్నారు, "అనుమతించాలి" అనలేదు. అంటే కంపెనీ కాదంటే చట్టం చూపించి నెగ్గలేం. కానీ కాలం, షరతులు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సినవని చట్టమే చెబుతోంది కాబట్టి, అడగడం తప్పేమీ కాదు. అడిగే పద్ధతి మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఇద్దరు పిల్లలు. రెండుసార్లూ అడిగాను. మొదటిసారి మేనేజర్ ఫోన్‌లోనే "సరేనమ్మా, ఇంటి నుంచే చెయ్యి" అన్నారు. ఆ మాటతో నిశ్చింతగా ఉన్నాను. ఆరు వారాలకు ఆయన వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోయారు. కొత్తగా వచ్చిన మేనేజర్ మొదటి కాల్‌లోనే "మీకు ఈ పర్మిషన్ ఎవరిచ్చారు?" అని అడిగారు. చూపించడానికి నా దగ్గర ఒక్క మెయిల్ కూడా లేదు. తర్వాతి సోమవారం, ఆరు నెలలు నిండిన పాపను మా అత్తయ్యకు అప్పగించి కళ్లు తుడుచుకుంటూ క్యాబ్ ఎక్కాను. రెండోసారి ఆ తప్పు చేయలేదు. కింద రాసిందంతా ఆ రెండో అనుభవం నుంచి, తర్వాత మా టీముల్లో అమ్మాయిలకు దగ్గరుండి మెయిళ్లు రాయించిన అనుభవం నుంచి వచ్చింది.

ముందు క్యాలెండర్ తీసుకుని కూర్చోండి

26 వారాలంటే ఆరు నెలలని అందరం అనుకుంటాం. కానీ అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ముందు ఎంత వాడితే తర్వాత అంత తగ్గుతుంది. ఒక లెక్క చూడండి. కాన్పు జనవరి 10 అనుకుందాం. నాలుగు వారాల ముందు, డిసెంబరు 13 నుంచి సెలవు పెట్టారు. 182 రోజులు జూన్ 12తో అయిపోతాయి. జూన్ 13న డ్యూటీలో చేరాలి. బిడ్డకు ఆరు నెలలు నిండేదేమో జూలై 10న. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని డాక్టర్లు చెబుతారు. అన్నప్రాశన కూడా కాకముందే మీరు ఆఫీసులో ఉండాల్సి వస్తుందన్నమాట.

ఇంకో సంగతి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్, అంటే పనివేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు, కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. అయితే కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ క్రెష్‌లు 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లల కోసమని ఉంది. మరి ఐదో నెల బిడ్డను ఎక్కడ పెట్టాలి? ఇలా సెలవు ముగిసే తేదీకీ, బిడ్డకు ఆరు నెలలు నిండే తేదీకీ మధ్య ఉన్న ఖాళీయే మీ వాదనకు పెద్ద బలం. ఎవరికైనా రెండు తేదీలు పక్కపక్కన రాసి చూపిస్తే చాలు, అర్థమైపోతుంది.

కాగితం మీద నాలుగు తేదీలు రాసుకోండి: సెలవు చివరి రోజు, బిడ్డకు 6 నెలలు నిండే రోజు, 9 నెలల టీకా ఉండే వారం, 15 నెలలు నిండే రోజు. ఈ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు, మామూలు విశ్రాంతి సమయానికి అదనంగా, చట్టప్రకారం మీకు రావాల్సినవే. ఇక్కడ "ఇవ్వవచ్చు" అనే మాట లేదు, ఇచ్చి తీరాలి. ఆఫీసుకు రమ్మన్నా ఈ విరామాలు వర్తిస్తాయి కాబట్టి, ఇంట్లో ఉంటే ఇవి ఎంత తేలికగా కుదురుతాయో చెప్పుకోవచ్చు.

కాన్పు వల్ల ఆరోగ్యం బాగా దెబ్బతిన్నా, నెలలు నిండకుండా కాన్పు అయినా, డాక్టరు సర్టిఫికెట్‌తో ఇంకో నెల వరకు జీతంతో కూడిన సెలవు దొరుకుతుంది. అవసరం నిజంగా అదైతే ముందు ఆ సెలవే తీసుకోండి. ఒళ్లు కుదుటపడకముందే ఇంటి నుంచి పనిచేస్తానని ఒప్పుకోవద్దు.

ఆఫీసు కంటే ముందు ఇంట్లో మాట్లాడండి

ఈ మెట్టు దాటేసి మేనేజర్‌తో మాట్లాడితే మొదటి ప్రశ్నకే తడబడతాం. ఆ ప్రశ్న ఇదే: "మీరు పనిలో ఉంటే పాపను ఎవరు చూసుకుంటారు?"

"నేనే చూసుకుంటూ చేసుకుంటాను" అని మాత్రం చెప్పకండి. అలా చెప్పారంటే అక్కడితో అయిపోయినట్టే. పైగా అది జరిగే పని కాదు. ఐదు నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఎనిమిది గంటలు ఎవరూ పని చేయలేరు. ఇంటి నుంచి పని వల్ల మనకు కలిసొచ్చేది దారిలో పోయే సమయం, పాలిచ్చే వీలు, బిడ్డ పక్క గదిలోనే ఉందన్న ధైర్యం. బిడ్డను చూసుకునే మనిషి మాత్రం వేరే ఉండాలి.

ఆ మనిషి ఎవరో, ఏ వేళ నుంచి ఏ వేళ వరకో తేల్చుకోండి. అమ్మ వస్తుందా, అత్తయ్య వస్తారా, ఎన్ని నెలలు ఉండగలరు? వాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది? మనుమరాలంటే ఎంత ప్రేమ ఉన్నా అరవై ఏళ్ల మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బిడ్డను ఎత్తుకుని తిప్పలేదు. అమ్మ ఉన్నా సరే, మూడు నాలుగు గంటలకు ఆయమ్మను పెట్టుకోండి. మీ ఆయనతో కూడా గట్టిగానే మాట్లాడండి. వారంలో ఏ రెండు రోజులు ఆయన ఇంటి నుంచి పనిచేయగలరు, టీకా రోజు ఎవరు సెలవు పెడతారు, రాత్రి ఎవరు లేస్తారు, ఇవన్నీ ముందే అనుకోవాలి. మెటర్నిటీ లీవు మీది కావచ్చు గానీ, బిడ్డ ఇద్దరిదీ.

పుట్టింటి నుంచే పనిచేద్దామని చాలామందికి ఉంటుంది. తెనాలిలోనో, ఖమ్మంలోనో అమ్మ దగ్గర ఉంటే అంతకన్నా హాయి ఏముంది? కానీ కొన్ని కంపెనీలు ఇంటి నుంచి పనికి ఒప్పుకున్నా, బేస్ లొకేషన్, అంటే మీకు కేటాయించిన ఆఫీసు, ఉన్న ఊళ్లోనే ఉండాలంటాయి. అందుకని ఈ విషయం దాచకుండా ముందే అడగండి. ఊళ్లో కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, అది రౌటర్‌కు కూడా పనిచేస్తుందా, ఒక నెట్ పోతే ఇంకో నెట్ ఉందా చూసుకోండి. మేనేజర్ అడిగేలోపే మీ దగ్గర జవాబు ఉండాలి.

మీ పనిని కాగితం మీద పెట్టండి

సెలవుకు ముందు మీరు చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా రాయండి. ఏది లాప్‌టాప్‌తో ఎక్కడి నుంచైనా అవుతుంది, దేనికి ఆఫీసులో ఉండాలి? నా రెండోసారి జాబితాలో పదకొండు పనులు తేలాయి. అందులో రెండింటికి మాత్రమే ఆఫీసుకు వెళ్లాలి. ఒకటి ల్యాబ్‌లో ఉన్న పరికరాల మీద టెస్టింగ్. రెండోది నెలకోసారి క్లయింట్ వచ్చే రోజు. ఆ రెండూ నేనే ముందు చెప్పాను. "ల్యాబ్ పని పక్షానికి ఒక రోజు వచ్చి చేస్తాను" అన్నాను. అన్నీ ఇంటి నుంచే అవుతాయని వాదించి ఉంటే మొత్తానికే నమ్మేవారు కాదు.

బ్యాంకు కౌంటరు, హాస్పిటల్ డ్యూటీ, బడి పాఠాలు లాంటి ఉద్యోగాలైతే పని స్వభావమే వేరు. అక్కడ ఇంటి నుంచి పని అడగడం కంటే షిఫ్టు మార్పు, ఇంటి దగ్గరి బ్రాంచికి తాత్కాలిక బదిలీ, సాయంత్రం త్వరగా వెళ్లే వీలు అడగడం మేలు. మాట్లాడే పద్ధతి మాత్రం ఇదే.

ఈలోగా కంపెనీ సొంత పాలసీ కూడా చదవండి. హెచ్ఆర్ పోర్టల్‌లో దొరుకుతుంది. లాగిన్ ఆపేసి ఉంటే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి అడగండి. ప్రసూతి ప్రయోజనాలేమిటో ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రతి మహిళకూ రాతపూర్వకంగా చెప్పాలని చట్టం కంపెనీలకు చెప్పింది, కాబట్టి మీ ఆఫర్ లెటర్‌తో వచ్చిన కాగితాలు కూడా వెతకండి. సర్వీస్ కంపెనీల్లో క్లయింట్ అనుమతి కావాలా అన్నది చూడండి. ఆఫీసు ఎస్ఈజెడ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఉంటే ఇంటి నుంచి పనికి వేరే నిబంధనలుంటాయి, అవి హెచ్ఆర్ చూసుకోవాల్సినవి. మీరు అడగాల్సింది ఒకటే, "నా పేరు ఇంటి నుంచి పనిచేసేవాళ్ల జాబితాలో పెట్టడానికి మీకు ఎన్ని రోజులు ముందు చెప్పాలి?" అని.

ఎప్పుడు అడగాలి

చేరాల్సిన తేదీకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు. చేరే ముందు వారం అడిగితే మేనేజర్‌కు కూడా చేతిలో ఏమీ ఉండదు, అప్పటికే సీటు, ప్రాజెక్టు, క్యాబ్ అన్నీ అనుకుని ఉంటారు. మరీ మూడో నెలలోనే అడిగితే "అప్పుడు చూద్దాంలే" అంటారు. ముందు ఒక చిన్న మెసేజ్ పెట్టి ఇరవై నిమిషాల కాల్ అడగండి. బిడ్డ నిద్రపోయే వేళ పెట్టుకోండి. మాట్లాడాకే మెయిల్ పెట్టాలి. ముందే పెద్ద మెయిల్ వెళితే అది నేరుగా హెచ్ఆర్‌కు ఫార్వర్డ్ అయిపోతుంది, మీ తరఫున మాట్లాడే మనిషి ఎవరూ ఉండరు.

కాల్‌లో ఏం మాట్లాడాలి

కాల్‌కు ముందు రోజు నేను డాబా మీద నిలబడి మా ఆయన్ని మేనేజర్‌గా కూర్చోబెట్టి రెండుసార్లు మాట్లాడి చూసుకున్నాను. మొదటిసారి "సారీ" అనే మాట నాలుగుసార్లు వచ్చింది. మీకూ వస్తుంది. ఆ మాట తీసేయండి. బిడ్డను కనడం ఆఫీసుకు చేసిన అన్యాయం కాదు.

మొదట పని గురించి మాట్లాడండి. "జూన్ 13న చేరుతున్నాను. రిలీజ్ జూలై చివర్లో ఉందని విన్నాను, రిగ్రెషన్ టెస్టింగ్ భాగం నేను తీసుకోగలను" అని మొదలుపెట్టండి. ఆ తర్వాత అడగండి. "చేరిన రోజు నుంచి మూడు నెలలు ఇంటి నుంచి చేస్తాను. ఆ తర్వాత మూడు నెలలు వారానికి రెండు రోజులు ఆఫీసుకు వస్తాను. ఆరు వారాలకోసారి ఇద్దరం కూర్చుని ఎలా జరుగుతోందో చూద్దాం." ముగిసే తేదీ ఉన్న కోరికకు ఒప్పుకోవడం ఎవరికైనా తేలిక. "కొన్నాళ్లు" అంటే ఎదుటివాళ్లకు భయం. ఎన్నాళ్లో తెలియదు కదా.

వాళ్ల వైపు నుంచి వచ్చే మాటలు ఇంచుమించు ఇవే ఉంటాయి.

"మీకిస్తే అందరూ అడుగుతారు." దీనికి జవాబు: "ప్రసూతి సెలవు తర్వాత ఇచ్చేదిగానే రాయండి. చట్టంలో కూడా విడిగా ఉంది. మిగతావాళ్లకు ఇది వర్తించదు." చట్టం పేరు ఈ ఒక్కచోట, మామూలు గొంతుతో ఎత్తితే సరిపోతుంది. మొదటి వాక్యంలోనే చట్టం ఎత్తితే ఎదుటి మనిషి గోడ కట్టేసుకుంటారు.

"అర్జెంటుగా కావాలంటే దొరకరేమో." దీనికి గంటలు చెప్పండి. "పది నుంచి ఒంటిగంట, రెండున్నర నుంచి ఆరున్నర కచ్చితంగా ఆన్‌లైన్‌లో ఉంటాను. మధ్యలో ఏదైనా ఉంటే ఫోన్ చేయండి, అరగంటలో చూస్తాను." మీరు నిలబెట్టుకోగలిగిన గంటలే చెప్పాలి. రాత్రి తొమ్మిదింటి క్లయింట్ కాల్‌కు రోజూ కుదరకపోతే, వారానికి రెండని ఇప్పుడే చెప్పేయండి.

"క్లయింట్ ఒప్పుకోడు." "నేను ఒక చిన్న నోట్ రాసిస్తాను, మీరు పంపండి. ఒప్పుకోకపోతే ఇంటి నుంచి వీలయ్యే ఇంకో ప్రాజెక్టు ఉందేమో చూద్దాం." క్లయింట్‌ను నిజంగా అడగకుండానే ఈ మాట అనేవాళ్లు ఉంటారు. అందుకే నోట్ మీరే రాసివ్వాలి.

"కంపెనీలో క్రెష్ ఉంది కదా?" దీనికి కోపం తెచ్చుకోవద్దు. మంచి ప్రశ్నే. "ఎన్ని నెలల నుంచి తీసుకుంటారు, నా టైమింగ్స్‌కు తెరిచి ఉంటుందా కనుక్కుంటాను" అనండి, నిజంగా కనుక్కోండి. మాది నిజాంపేట. ఆఫీసున్న నానక్‌రామ్‌గూడ వెళ్లి రావడానికి రోజుకు రెండున్నర గంటలు. బాబును ఆ ట్రాఫిక్‌లో రోజూ తిప్పలేనని చెప్పడానికి దూరం, సమయం అంకెల్లో చెప్పాను. అంకెలు చెబితే విన్నారు.

అన్నిటికంటే కష్టమైనది మౌనం. మీరు అడిగాక ఎదుటివాళ్లు కాసేపు ఏమీ అనరు. ఆ ఖాళీని నింపడానికి మనమే "పోనీ రెండు నెలలైనా..." అని తగ్గించేస్తాం. ఆగండి. మంచినీళ్లు తాగండి. వాళ్లనే మాట్లాడనివ్వండి.

తగ్గాల్సి వస్తే ఏది తగ్గించుకోవాలో ముందే అనుకుని ఉండాలి. నా వరకు, బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పూర్తిగా ఇంట్లో ఉండాలి, అది కదపను. ఆ తర్వాత వారానికి ఎన్ని రోజులన్నది బేరమాడుకోవచ్చు. జీతం తగ్గించుకుంటానని మాత్రం మీ అంతట మీరు అనొద్దు. పని గంటలు తగ్గనప్పుడు జీతం ఎందుకు తగ్గాలి?

మెయిల్

కాల్ అయిన రోజే పంపండి. మామూలుగా మీ ఆఫీసులో రాసే ఇంగ్లీషులోనే రాసుకోండి. విషయం ఇలా ఉంటే చాలు:

"ఈ రోజు మాట్లాడుకున్న దాని ప్రకారం, జూన్ 13న విధుల్లో చేరుతున్నాను. జూన్ 13 నుంచి సెప్టెంబరు 12 వరకు పూర్తిగా ఇంటి నుంచి, సెప్టెంబరు 13 నుంచి డిసెంబరు 12 వరకు వారానికి రెండు రోజులు ఆఫీసు నుంచి పనిచేస్తాను. పని వేళలు ఉదయం 10 నుంచి 1 వరకు, మధ్యాహ్నం 2:30 నుంచి సాయంత్రం 6:30 వరకు. ల్యాబ్ పనికి పక్షానికి ఒక రోజు వస్తాను. పాలిచ్చే విరామాలు పాలసీ ప్రకారం ఉంటాయి. హోదా, జీతం, అప్రైజల్ కొలమానాలు మారవు. మేనేజర్ గానీ ప్రాజెక్టు గానీ మారినా ఈ ఏర్పాటు పై తేదీల వరకు కొనసాగుతుంది. దయచేసి ధృవీకరించగలరు."

హెచ్ఆర్‌ను కాపీలో పెట్టండి. ఆఖరి వాక్యానికి ముందున్న మాట, మేనేజర్ మారినా కొనసాగుతుందన్నది, దయచేసి వదిలేయకండి. నాకు మొదటిసారి అదే లేకపోయింది. "ఓకే" అని జవాబు వస్తే దాన్ని పీడీఎఫ్ చేసి ఇంట్లో దాచుకోండి. వారం దాటినా జవాబు రాకపోతే మళ్లీ గుర్తు చేయండి. జవాబు రాకపోవడం ఒప్పుకోవడం కిందికి రాదు.

కాదంటే

కారణం రాతపూర్వకంగా అడగండి, మర్యాదగానే. "ఏ పని ఇంటి నుంచి కాదనుకుంటున్నారో చెబితే దానికి తగ్గట్టు మార్చుకుంటాను" అని. చాలాసార్లు పూర్తిగా కాదన్నవాళ్లు ఈ ప్రశ్నకు సగం ఒప్పుకుంటారు. తర్వాత మేనేజర్ పైన ఉన్నవాళ్లు, హెచ్ఆర్. ఆలోగా మిగిలిన ఎర్న్‌డ్ లీవులు లెక్క చూసుకోండి, వాటితో ఆరు నెలల తేదీ దాకా లాగొచ్చేమో చూడండి.

కోపంలో రాజీనామా మెయిల్ రాయొద్దు. రాత్రి రెండింటికి పాలిస్తూ తీసుకున్న నిర్ణయం మీద సంతకం పెట్టొద్దు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ప్రసూతి సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడం, మీకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చడం చట్టవిరుద్ధం. ఇంటి నుంచి పని అడిగినందుకు "రిజైన్ చేసి మళ్లీ అప్లై చేయండి" అని ఎవరైనా అంటే, ఆ మాట మెయిల్‌లో పెట్టమనండి. పెట్టరు. అయినా సరే, మీరే ఆ సంభాషణను తేదీతో సహా రాసి హెచ్ఆర్‌కు పంపండి. అప్పటికీ దారికి రాకపోతే కార్మిక శాఖ దగ్గరకు వెళ్లే హక్కు మీకుంది.

ఒప్పుకున్నాక, మొదటి నెల

ఈ నెలలోనే నమ్మకం కుదురుతుంది. చేరే ముందు రోజే లాగిన్, వీపీఎన్, పాస్‌వర్డ్ అన్నీ సరిచూసుకోండి. ఆరు నెలల్లో అన్నీ ఎక్స్‌పైర్ అయి ఉంటాయి. లాప్‌టాప్ ఏ చిరునామాలో ఉందో ఆఫీసు రికార్డుల్లో మార్పించండి. ప్రతి శుక్రవారం నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి: ఈ వారం ఏం అయింది, వచ్చే వారం ఏం ఉంది, ఎక్కడ ఆగింది. ఎవరూ అడగకపోయినా పెట్టండి. ఆరు వారాల మీటింగ్‌లో మీ తరఫున మాట్లాడేది ఆ మెయిళ్లే.

ఇంట్లో ఒక గుర్తు పెట్టుకోండి. మా ఇంట్లో తలుపు గడియకు ఎర్ర చున్నీ కట్టేదాన్ని. అది ఉంటే కాల్‌లో ఉన్నానని అర్థం. మా అమ్మ బాబును భుజాన వేసుకుని వచ్చి, చున్నీ చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయేది. ఒకరోజు కాల్ అయ్యాక కూడా తీయడం మర్చిపోయాను. తలుపు తీసేసరికి అమ్మ వరండాలో కింద కూర్చుని, ఆకలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన బాబును ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ రోజు నుంచి పాలిచ్చే రెండు వేళలూ క్యాలెండర్‌లో మీటింగుల్లాగే బ్లాక్ చేశాను. మీరూ మొదటి రోజే చేయండి. టీములో ఎవరూ ఏమీ అనుకోలేదు, ఆ వేళల్లో కాల్స్ పెట్టడం వాళ్లే మానేశారు.

గడువు పొడిగించుకోవాలనుకుంటే ముగియడానికి నెల ముందు అడగండి. అప్పుడు పంపాల్సిన మెయిల్‌కు శుక్రవారం మెయిళ్లు జత చేసి, మళ్లీ తేదీలతో రాయండి.